నాలుగో మొహం పెట్టండి

ఒడిశాలోని మా పర్లాకిమిడి పిల్లలు బడి దాటాక బతుక్కి ఎంత సిద్ధంగా ఉన్నారో తేలిపోయింది. ఐదుకి నాలుగు. లెక్క పక్కా. క్లాసులో నలభై ముగ్గురుంటే నలభై ముగ్గురికీ అదే వచ్చింది.

మా మేనల్లుడు పదో తరగతి. కిందటి వారం వాళ్ల బళ్లో ఎంగేజ్‌మెంట్ సర్వే పెట్టారు. ఆ మాట వినగానే మా అక్క గుండె మీద చెయ్యేసుకుంది, 'పదిహేనేళ్లకే ఏటిరా ఇది!' అని. కాదక్కా, చదువులో వీడి మనసు ఎంత లగ్నమైందో చూస్తారట అన్నాను. లగ్నం అనేసరికి ఇంకా కంగారుపడింది.

ప్రతి ప్రశ్న కిందా ఐదు మొహాలు. ఏడుపుతో మొదలై పళ్లికిలింపుతో ఆఖరు. 'గత వారం తరగతిలో ఎన్నిసార్లు ఉత్సాహం కలిగింది?' మావాడు లేచి, 'సార్, లెక్కల పీరియడ్ కూడా కలపాలా?' అన్నాడట. న్యాయమైన అనుమానమే. లెక్కల సారు బదిలీ అయి రెండేళ్లు. ఆ పీరియడ్‌కి డ్రిల్లు సారు వచ్చి నిశ్శబ్దం నేర్పుతారు. సర్వే ఇన్‌చార్జీ ఆయనే. అనుభవజ్ఞుడు కదా, ఇలా సెలవిచ్చారు: 'అందరూ నాలుగో మొహం పెట్టండి. ఐదోది పెడితే పైవాళ్లు నమ్మరు. మూడోది పెడితే నన్ను మీటింగుకి పిలుస్తారు.' వెనక బెంచీలో ఒక పిల్ల అప్పటికే ఏడుపు మొహం మీద పెన్నుతో టిక్కు కొట్టేసింది. ఇక చూడాలి! వైట్నర్ కోసం ఆఫీసు రూముకొకడు, బజారుకొకడు పరుగు. ఆ పది నిమిషాలూ క్లాసంతా నిజంగానే ఉత్సాహంగా ఉందట.

2020 జాతీయ విద్యా విధానం రిపోర్టు కార్డుని 360 డిగ్రీలు తిప్పమంది. టీచరే కాదు, పిల్లాడు తనని తాను, పక్కవాణ్ణి కూడా బేరీజు వెయ్యాలి. బాగుంది. అంత తిరిగినా ఆ చూపు ఖాళీ కుర్చీ మీద పడదేం? పల్లె పిల్లల చదువుని కొలిచే అసర్ సర్వేలో, 2023లో, 14 నుంచి 18 ఏళ్ల పిల్లల్లో పావు వంతు మంది సొంత భాషలో రెండో తరగతి పాఠం తడబడకుండా చదవలేకపోయారు. భాగహారం వచ్చినవాళ్లు సగం కూడా లేరు. చెప్పేవాణ్ణి పంపకుండా, ఏ మొహం పెట్టుకుని వాళ్లని ఏ మొహమని అడుగుతున్నారయ్యా? ఇదే ఊళ్లో పంతులుగా చేసిన గిడుగు రామమూర్తి, సవర గిరిజనులకి చదువు చెప్పాలని ముందు తానే సవర భాష నేర్చుకున్నారు. ఫారాలు పంచలేదు.

మావాడు ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, సంతలో సవర మాట్లాడతాడు. బ్యాంకులో మా అమ్మ పాస్‌బుక్ గొడవలు తీర్చేది వాడే. వాటికి ఫారంలో గడి లేదు.

చివరి ప్రశ్న, 'స్కూలు అయ్యాక ఏం చేస్తావు?' కాలేజీ, ఐటీఐ, ఉద్యోగం, ఇంకా తేల్చుకోలేదు. మావాడు పక్కన పెన్సిల్‌తో 'సూరత్' అని రాశాడు. వాళ్ల బాబాయి అక్కడ మరమగ్గాల్లోనే ఉన్నాడు. ఎవరో మళ్లీ వైట్నర్ తేబోతే డ్రిల్లు సారు ఆపారట, 'పెన్సిలే కదా, రబ్బరు చాలు' అని.