రూపాయి బిళ్ళంత ముక్క చాలదు: గ్లేజ్ టెస్టుల మీద తిరుగుతున్న సలహాకు జవాబు

ఇంట్లో చిన్న కిల్న్ (మట్టి వస్తువులు కాల్చే కరెంటు కొలిమి) పెట్టుకుని మట్టిపని చేసే విశాఖవాళ్ళ మధ్య వాట్సాప్‌లో ఒక సలహా చేతులు మారుతోంది. సారాంశం ఇది: ‘రూపాయి బిళ్ళంత మట్టి ముక్కకు గ్లేజ్ పూత పూసి చూస్తే చాలు. టెంపరేచర్ సరిగ్గా పెడితే కంపెనీ రంగుల చార్టులో ఉన్న రంగే వస్తుంది. రెడీమేడ్ గ్లేజ్ కొనేవాళ్ళకు అసలు టెస్టులే అక్కర్లేదు. టెస్టుల కోసం కిల్న్ వేస్తే కరెంటు దండగ. సీసా మీద ఫుడ్ సేఫ్ అని ఉంటే ఇంకేం చూడక్కర్లేదు.’ కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు దీన్ని నమ్మి, నేరుగా కప్పులకూ గిన్నెలకూ పూసేస్తున్నారు. ఇందులో సగం నిజం ఒక్కచోటే ఉంది. మిగతాదంతా నష్టం చేసే మాటే.

‘రూపాయి బిళ్ళంత ముక్క చాలు.’ గ్లేజ్ అంటే మట్టి మీద కరిగే గాజు. కిల్న్ బాగా వేడెక్కినప్పుడు అది తేనెలా కదులుతుంది. పడుకోబెట్టిన బిళ్ళ మీద జారడానికి దారి ఉండదు కాబట్టి ఉన్నచోటే చక్కగా కుదురుకుంటుంది. అదే గ్లేజ్‌ను కప్పుకి పూస్తే అంచు దగ్గర పలచబడి, కిందికి జారి, అడుగున ముద్ద కట్టి, కప్పుని షెల్ఫ్‌కి అతికించేస్తుంది. మనం చేసేవి ఎక్కువగా నిలువు గోడలున్న వస్తువులు. కాబట్టి టెస్ట్ ముక్క కూడా నిలబడి ఉండాలి.

దానికి పెద్ద హంగామా అవసరం లేదు. ఏ మట్టితో కప్పులు చేస్తారో అదే మట్టిని చపాతీ కర్రతో 6 మిల్లీమీటర్ల మందాన ఒత్తండి. 4 సెంటీమీటర్ల వెడల్పు, 13 సెంటీమీటర్ల పొడవు ముక్కలుగా కోసి, కింది 3 సెంటీమీటర్లు మడిచి పాదంలా నిలబెట్టండి. మడత దగ్గర పగులు రాకుండా లోపలి మూలలో సన్నటి మట్టి తాడు పెట్టి వేలితో అదమండి. ముఖం మీద ఒక పక్క దువ్వెనతో గీతలు గీయండి, ఇంకో పక్క నున్నగా వదలండి. ఆ గీతల్లోనే అసలు సంగతి తెలుస్తుంది. ఇనుము ఉన్న గ్లేజ్ గీతల గట్ల మీద పలచబడి గోధుమరంగు తిరుగుతుంది, సందుల్లో మందంగా నిలిచి నల్లబడుతుంది. నున్నటి బిళ్ళ మీద ఇది ఎప్పటికీ కనిపించదు.

బ్రష్‌తో పూసే రకమైతే కింద ఒక పూత, మధ్యలో రెండు, పైన మూడు వేయండి. ముంచే రకమైతే అదే లెక్కన మూడుసార్లు ముంచండి. మందం పైభాగంలో ఉంటే జారే దూరం కొలవొచ్చు. అడుగున వేలెడు వెడల్పు వదిలేయండి. ముక్క వెనక నెంబరు పెన్సిల్‌తో రాయొద్దు, కాలిపోతుంది. రెడ్ ఐరన్ ఆక్సైడ్‌ని నీళ్ళలో కలిపి సన్న బ్రష్‌తో రాస్తే నిలుస్తుంది. ముంచే గ్లేజ్ అయితే 100 మిల్లీలీటర్లు తూచి ఆ బరువు కూడా నోట్‌బుక్‌లో ఎక్కించండి. 145 గ్రాములు తూగిన రోజు వచ్చిన ఫలితం 130 తూగిన రోజు రాదు. బిస్క్ ముక్కల్ని (గ్లేజ్ పూసేముందు ఒకసారి కాల్చినవాటిని) కడిగితే పూర్తిగా ఆరనివ్వండి. మన వానాకాలపు ఉక్కలో ఆరడం చాలా ఆలస్యమవుతుంది, తడి మిగిలిన ముక్క గ్లేజ్‌ని సరిగ్గా పీల్చుకోదు.

‘టెంపరేచర్ సరిగ్గా పెడితే చార్టు రంగే.’ మొదటి చిక్కు మట్టితో. చార్టు ముక్కలు చాలావరకు తెల్లమట్టి మీద చేసినవి. ఎర్రమట్టిలోని ఇనుము పారదర్శక గ్లేజ్‌లోంచి కనిపిస్తుంది, లేత నీలాన్నీ లేత ఆకుపచ్చనీ మురికి చేస్తుంది. పైగా చాలా ఎర్రమట్టి రకాలు స్టోన్‌వేర్ (ఎక్కువ వేడిలో గట్టిపడేలా కాల్చే పాత్రలు) వేడికి ఉబ్బుతాయి, కుంగిపోతాయి. (మాట వచ్చింది కాబట్టి: భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల నుంచి సంచి నింపుకొచ్చే ఆలోచన దయచేసి మానుకోండి. అది కాపాడుకోవాల్సిన భౌగోళిక వారసత్వం. అక్కడున్నది ప్రధానంగా ఇసుక, కుండకు పనికొచ్చే బంకమట్టి కాదు.)

రెండోది, డిస్‌ప్లేలో కనిపించే అంకె ఒక్కటే వేడి కాదు. ఎంతసేపు ఆ వేడిలో ఉందన్నది కూడా లెక్కే. కోన్ అంటే తగినంత వేడి తగలగానే వంగిపోయేలా చేసిన చిన్న సూచిక ముక్క, దాని నెంబరు ఎంత వేడికి వంగుతుందో చెబుతుంది. కోన్ 6, కిల్న్ చివరి దశలో గంటకు 60 డిగ్రీల చొప్పున ఎక్కితే సుమారు 1222 డిగ్రీల సెల్సియస్ దగ్గర వంగుతుంది, 150 చొప్పున ఎక్కితే సుమారు 1243 దగ్గర. ఎండాకాలం సాయంత్రం వీధిలో ఏసీలన్నీ ఆన్ అయ్యాక వోల్టేజి 230 నుంచి 207కి పడిందనుకోండి. వోల్టేజి తగ్గింది 10 శాతమే, కిల్న్ పుట్టించే వేడి మాత్రం 19 శాతం తగ్గుతుంది. అది నెమ్మదిగా, ఎక్కువసేపు ఎక్కుతుంది. డిస్‌ప్లే మీద అదే 1222, లోపల గ్లేజ్‌కి మాత్రం ఎక్కువ వేడి తగిలింది. అందుకే టెస్ట్ ముక్కల పక్కన ప్రతిసారీ ఒక కోన్ నిలబెట్టాలి.

మూడోది చల్లారడం. మ్యాట్ గ్లేజులు చాలావాటికి ఆ మసక అందం నెమ్మదిగా చల్లారేటప్పుడు పుట్టే సన్నటి స్ఫటికాల వల్ల వస్తుంది. పలచటి గోడల చిన్న కిల్న్ గబగబా చల్లారుతుంది, అదే గ్లేజ్ మెరుస్తూ బయటికొస్తుంది. కాబట్టి ఎవరి టెస్ట్ కిల్న్‌లోనో కాల్చిన ముక్క మీ కిల్న్ సంగతి చెప్పలేదు. ఎక్కడ కప్పులు కాలుస్తారో అక్కడే ముక్కా కాలాలి.

‘రెడీమేడ్ గ్లేజ్‌కి టెస్ట్ అక్కర్లేదు.’ నిజం ఉన్నది ఇక్కడే. సొంతంగా ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్ లాంటి ఖనిజాల పొడులు తూచి కలుపుకునేవాళ్ళకన్నా సీసా కొన్నవాళ్ళకు అనూహ్యాలు తక్కువ. పొడి క్వార్ట్జ్ దుమ్ము ఊపిరితిత్తులకు చేసే హాని కూడా తప్పుతుంది. వంటింటి పక్కనే పనిచేసేవాళ్ళకు ఇది చిన్న విషయం కాదు. కానీ తయారీదారు పరీక్షించింది తన మట్టి మీద, తన కిల్న్‌లో. మీ మట్టీ ఆ గ్లేజూ వేడికి వ్యాకోచించి చల్లారి కుంచించుకునే తీరు పొసగకపోతే సన్న పగుళ్ళు వస్తాయి. నీళ్ళు పీల్చే ఎర్రమట్టి అయితే కిల్న్ తెరిచిన రోజు బాగానే ఉండి, తేమకు మట్టి కొద్దికొద్దిగా ఉబ్బి, నెలల తర్వాత కూడా పగుళ్ళు పడొచ్చు. సముద్రం పక్కన బతికే మనకు ఈ టెన్షన్ ఇంకాస్త ఎక్కువ. టెస్ట్ ముక్కని మరిగే నీళ్ళలో కొంతసేపు ఉంచి, తీసి ఐస్ నీళ్ళలో వేయండి. ఇలా కొన్నిసార్లు చేసి, ఇంకు పూసి తుడిచి చూడండి. పగులుంటే ఇంకు గీతలుగా నిలుస్తుంది. ముక్కని కొన్ని నెలలు అటక మీద ఉంచి మళ్ళీ చూడండి.

‘కరెంటు దండగ.’ టెస్టుల కోసం కిల్న్ విడిగా వేయమని ఎవరూ అనలేదు. కప్పుల మధ్య సందుల్లో ఈ ముక్కలు నిలబడతాయి. కింద పాత బిస్క్ పలక ఒకటి పెడితే జారినా షెల్ఫ్ పాడవదు. ఒక్క జాగ్రత్త: క్రోమియం ఉన్న పచ్చ గ్లేజ్ పక్కన టిన్ ఉన్న తెల్ల గ్లేజ్ పెట్టొద్దు, ఆవిరి తగిలి తెలుపు గులాబీ రంగు తిరుగుతుంది.

‘ఫుడ్ సేఫ్ అని రాసుంటే చాలు.’ దీనికి నాకు నిజంగా కోపం వస్తుంది, ఎందుకంటే తినేది మన ఇంటివాళ్ళు. ఆ ముద్ర ఆ గ్లేజ్‌ని ఒంటరిగా, చెప్పిన కోన్‌కి సరిగ్గా కాల్చినప్పుడే చెల్లుతుంది. తక్కువ కాలినా, మీద ఇంకో గ్లేజ్ పూసినా, రంగు కోసం చిటికెడు కాపర్ కార్బొనేట్ కలిపినా అది వేరే గ్లేజ్. టెస్ట్ ముక్క సగాన్ని వెనిగర్‌లో ఒక రోజు ముంచి ఉంచండి. వెనిగర్ తగిలిన గీత దగ్గర రంగు వెలిసినా, మెరుపు పోయినా ఆ గ్లేజ్ తినే పాత్రకు పనికిరాదు. మార్పు కనపడకపోతే సురక్షితమని రుజువైనట్టు కాదు, సీసం బయటికొస్తే కంటికి తెలియదు. ల్యాబుల్లో సీసం, కాడ్మియం కోసం చేసే పరీక్షలో కూడా 4 శాతం ఎసిటిక్ యాసిడ్‌ని 24 గంటలే ఉంచుతారు. మన ఆవకాయ పులుపుతో, ఉప్పుతో జాడీలో ఏడాది ఉంటుంది. ఇంట్లో చేసిన జాడీలో ఊరగాయ పెట్టాలనుకుంటే లోపలికి రంగు ఆక్సైడ్లేవీ లేని, సీసం లేని పారదర్శక గ్లేజే వాడండి, అదే కిల్న్‌లో కాలిన ముక్కని ల్యాబ్‌కి పంపండి. రిపోర్టు వచ్చేదాకా ఆవకాయ గాజు సీసాలో ఉండనివ్వండి.