తల్లి బరువు, బిడ్డ పేగులు: మధ్యలో పాలడబ్బా

తల్లి లావుగా ఉంటే బిడ్డ పేగుల్లో చేరే బాక్టీరియా తీరు వేరుగా ఉంటుందని ఫిన్లాండ్ పరిశోధకులు 2010లో చూపించారు. అధిక బరువున్న తల్లుల బిడ్డల మలంలో మొదటి ఆరు నెలలూ బాక్టీరాయిడ్స్, స్టఫిలోకాకస్ అనే రకాలు ఎక్కువగా కనిపించాయి. 2018లో కెనడా నుంచి 935 మంది తల్లీబిడ్డల లెక్క వచ్చింది. సరైన బరువున్న తల్లికి మామూలు కాన్పులో పుట్టిన బిడ్డతో పోలిస్తే, లావు తల్లికి మామూలు కాన్పులో పుట్టిన బిడ్డ ఏడాదికల్లా అధిక బరువుకు చేరే అవకాశం సుమారు మూడు రెట్లు, సిజేరియన్ అయితే ఐదు రెట్లు అని తేలింది.

ఇది చదివి ‘అయితే ఆడవాళ్లు బరువు తగ్గాలి’ అని తేల్చేయడం తేలిక. నెలలు నిండిన మనిషికి ఆ సలహా ఎందుకూ కొరగాదు. పైగా ఫలానా బాక్టీరియానే దోషి అని చూపించడానికీ లేదు. లావు తల్లుల బిడ్డల్లో బాక్టీరాయిడ్స్ పెరిగిందన్నారు కదా, సిజేరియన్ బిడ్డల్లో అదే బాక్టీరాయిడ్స్ బాగా తగ్గిపోతుంది. రెండు దారులూ బిడ్డ బరువు వైపే పోతున్నాయి. 2011 నాటి డెన్మార్క్ అధ్యయనం ఇంకా చిత్రం. ఆరు నెలల లోపు యాంటీబయోటిక్ పడిన బిడ్డల్లో, తల్లి బరువు సరిగ్గా ఉన్నచోట ఏడేళ్లకు లావయ్యే ముప్పు పెరిగింది, తల్లి లావుగా ఉన్నచోట తగ్గింది. ఇంత చిక్కుముడి ఉన్నచోట మెడికల్ షాపులో అమ్మే ప్రోబయోటిక్ (మంచి బాక్టీరియా ఉండే) చుక్కలతో పని జరుగుతుందనుకోవడం అమాయకత్వం.

మన కాన్పు వార్డుల్లో చేతికందే దారి మరొకటుంది. అది పాలు. సాధారణంగా ఏ కాన్పయినా రెండు మూడు రోజుల్లో తల్లికి పాలు పడతాయి. 72 గంటలు దాటితే ఆలస్యం కింద లెక్క. లావు తల్లుల్లో ఈ ఆలస్యం ఎక్కువ. బిడ్డ చీకినప్పుడు పెరగాల్సిన ప్రొలాక్టిన్ (పాలు ఊరించే హార్మోన్) మొదటి వారంలో వాళ్లకు తక్కువగా పెరుగుతుందని 2004లోనే అమెరికా పరిశోధనలో తేలింది. సిజేరియన్, గర్భంలో వచ్చే షుగర్ కూడా పాలను వెనక్కి నెడతాయి. ఈ రెండూ లావు తల్లులకే ఎక్కువ వస్తాయి. అంటే ఒకే బాలింత మీద మూడూ పడతాయి. బిడ్డ ఏడుస్తుంది, పక్కనున్న పెద్దావిడ ‘పాలు చాల్లేదు’ అంటుంది, తండ్రి డబ్బాపాలు తెస్తాడు. నింద మాత్రం తల్లి ఒంటి మీదికి పోతుంది.

డబ్బాపాలు పడితే పేగుల్లో ఏం మారుతుంది? తల్లిపాలలో లాక్టోజ్, కొవ్వు తర్వాత అంత ఎక్కువగా ఉండేవి ఒలిగోశాకరైడ్లనే చక్కెరలు. ముర్రుపాలలో లీటరుకు 20 గ్రాముల పైమాటే. బిడ్డ వీటిని అరిగించుకోలేదు, అవి బిఫిడోబాక్టీరియా అనే మేలు చేసే బాక్టీరియాకు మేత. ఆ మేత తిని అవి వదిలే ఆమ్లాల వల్ల పేగుల్లో పులుపు పెరిగి, హాని చేసేవి నిలదొక్కుకోలేవు. డబ్బాపాలతో ఆ మేత సరిగా అందని చోట ఖాళీ స్థలం ఎవరికి దొరికితే వాళ్లది.

కాబట్టి లావు తల్లి విషయంలో పాలు పడేదాకా ఎదురుచూస్తూ కూర్చోకూడదు. వెన్నుకు మత్తిచ్చి ఆపరేషన్ చేస్తే తల్లి మెలకువగానే ఉంటుంది, గంటలోపు బిడ్డను రొమ్ముకు పట్టించవచ్చు. మొదటి రోజు బిడ్డకు పట్టిన ప్రతిసారీ కావలసింది 5 నుంచి 7 మిల్లీలీటర్లు, అంటే టీస్పూను కంటే కొంచెం ఎక్కువ. రోజుకు 8 నుంచి 12 సార్లు పట్టించాలి. చీకలేకపోతే ముర్రుపాలు చేత్తో పిండి ఉగ్గుగిన్నెతో పోయాలి. తేనె, చక్కెర నీళ్లు, ఆముదం నాలుకకు రాయకూడదు. రొమ్ము పెద్దదైతే బిడ్డను ఒడిలో కాక చంక కింద పక్కగా పట్టుకుంటే నోరు బాగా అందుతుంది, కుట్ల మీదా బరువు పడదు. పాలు చాలుతున్నాయో లేదో ఏడుపును బట్టి తేల్చకూడదు. మొదటి రోజు ఒకసారి, రెండో రోజు రెండుసార్లు, అయిదారు రోజులకు కనీసం ఆరుసార్లు మూత్రం పోస్తే చాలినట్టే. పుట్టిన బరువులో 10 శాతం మించి తగ్గితే మాత్రం డాక్టర్ చూడాల్సిందే. షుగర్ ఉన్న తల్లి బిడ్డకు రక్తంలో చక్కెర పడిపోతే డబ్బాపాలు అవసరం కావచ్చు, అది వైద్యం. అలవాటుగా పట్టే సీసా సంగతి వేరు.

సిజేరియన్‌కు యాంటీబయోటిక్ మానలేం, లావు తల్లుల కుట్లకే చీము ఎక్కువ పడుతుంది. కోతకు ముందు ఒక్క డోసు చాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. ఏ ఇన్‌ఫెక్షనూ లేకుండా అయిదు రోజులు సూదులు వేస్తుంటే ఎందుకని అడగండి.

ముందుగా చేయగలిగింది కొలత. మూడో నెల దాటకముందే ఎత్తు, బరువు రాయించుకోవాలి. 152 సెంటీమీటర్ల ఎత్తు, 64 కిలోలుంటే బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క) 27.7, అంటే అధిక బరువు. అలాంటామె నెలలు నిండేసరికి 7 నుంచి 11.5 కిలోలు పెరిగితే సరి. ‘ఇద్దరికి తినాలి’ అంటూ వడ్డించే మూడో విడత అన్నం అక్కర్లేదు. మన రాయలసీమ వైపు సంగటి, పితికిపప్పు, ఆకుకూర మంచి భోజనమే. చెనిక్కాయల ఊరిబిండి (వేరుశనగ పచ్చడి) కూడా, గిన్నెతో కాకుండా స్పూనుతో వేసుకుంటే. 75 గ్రాముల గ్లూకోజ్ తాగిన రెండు గంటలకు చక్కెర 140 గానీ అంతకు మించి గానీ ఉంటే షుగర్ కింద లెక్క, ఆ పరీక్ష ఎగ్గొట్టకూడదు.

ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం ఆడవాళ్లు అధిక బరువుతో ఉన్నారనీ, 42.4 శాతం కాన్పులు సిజేరియన్లనీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఇంతమందికి సాయం ఆసుపత్రిలోనే అయిపోదు. ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికొచ్చి చూడాలన్నది పథకం. మన జిల్లాల్లో కాన్పుకు పుట్టింటికి వెళ్తారు, పేరు మాత్రం అత్తగారి ఊళ్లో నమోదై ఉంటుంది. పాలు నిలబడేదో ఆగేదో తేలే ఆ ఏడో రోజున బాలింత ఒక ఊళ్లో, ఆశా రిజిస్టరు ఇంకో ఊళ్లో. డిశ్చార్జి చీటీ మీద బీఎంఐ, పాలు పడిన రోజు, ఇచ్చిన యాంటీబయోటిక్, పుట్టింటి ఊరి పేరు రాసి, ఆ ఊరి ఆశాకు ఫోన్ చేయడానికి ఆసుపత్రికి అయిదు నిమిషాలు పట్టదు.