ఐదిళ్లు చుట్టొచ్చాం, ముత్తవ్వతో మాట్లాడామా?

సెలవులు దొరగ్గానే ముందు తయారయ్యేది వెళ్లాల్సిన చుట్టాల ఇళ్ల జాబితా. మూడు రోజులు, ఐదిళ్లు. అందులో ముత్తవ్వ వాటా గంటన్నర. ఈ లెక్క వేసేది ఎప్పుడూ మధ్య తరమే. టికెట్లు, సెలవులు, బ్యాగులు అన్నీ వాళ్ల చేతిలోనే ఉంటాయి మరి. 'మా గుమ్మం తొక్కలేదు' అని ఎవరూ అనకూడదన్నదే వాళ్ల టెన్షన్. కాదనను. కానీ ఎవరి కోసమని ఇంత దూరం బయల్దేరామో, చివరికి వాళ్లకే తక్కువ మిగులుతోంది.

ఆమధ్య ఒక ఇంట్లో చూశాను. గదిలో పన్నెండు మంది ఒకేసారి మాట్లాడుతున్నారు. మధ్యలో కుర్చీలో ఎనభై ఆరేళ్ల ముత్తవ్వ. నాలుగేళ్ల మునిమనవరాలు ఏదో అడిగింది. ఆమె నవ్వి తల ఊపింది. పాప మళ్లీ అడిగింది, మళ్లీ అదే నవ్వు. "పాపం, మతిమరుపు వచ్చేసినట్టుంది" అని వెనకనుంచి ఎవరో తేల్చేశారు.

ఆమెకు వినపడలేదు, అంతే. వయసుతో వచ్చే వినికిడి లోపంలో ముందుగా జారిపోయేవి సన్నని శబ్దాలు. పిల్లల గొంతులు సన్నన. పైగా చుట్టూ గోల ఉంటే అందులోంచి ఒక మాటను విడదీసి వినడం ఇంకా కష్టం. ఇదేమీ అరుదైన సమస్య కాదు. 60 ఏళ్లు దాటినవారిలో 25 శాతానికి పైగా ఇబ్బందిపెట్టే స్థాయిలో వినికిడి లోపం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అందరం కలిసి వెళ్లి సందడి చేశామని మనం మురిసిపోయే పూట, ఆమె చూస్తున్నది మూకీ సినిమా.

సాయంత్రం అంతా బయటికెళ్లాక పాప ఒక్కతే ఆమె పక్కన చేరింది. ముత్తవ్వ చేతి మీద చర్మాన్ని రెండు వేళ్లతో పైకి లాగి వదిలింది. అది మెల్లగా సర్దుకుంటుంటే మళ్లీ లాగింది. "నీ అంతప్పుడు నాదీ బిగుతుగానే ఉండేది" అంది ముత్తవ్వ. పాప నమ్మలేదు. ఆ వాదన అరగంట నడిచింది.

అమెరికాలోని ఎమరీ యూనివర్సిటీలో మార్షల్ డ్యూక్, రాబిన్ ఫైవుష్ అనే మానసిక శాస్త్రవేత్తలు పిల్లలకు 20 ప్రశ్నలు ఇచ్చి చూశారు. అమ్మానాన్నలు ఎలా కలిశారు, తాతలు ఎక్కడ పెరిగారు, ఇలాంటివి. జవాబులు ఎక్కువ తెలిసిన పిల్లల్లో ఆత్మగౌరవం కూడా ఎక్కువగా కనిపించింది. ఇది చదివి పిల్లలకు వంశవృక్షం బట్టీ పట్టించే తల్లిదండ్రులు ఉంటారు. డ్యూక్ మాత్రం జవాబులు తెలిసినంత మాత్రాన ఒరిగేదేమీ లేదని, అవి ఇంట్లో మాటల మధ్య చేరే తీరులోనే విషయం ఉందని చెప్పారు. గంటన్నరలో, అదీ బూట్లు విప్పీ విప్పకుండా, ఆ మాటలు ఎక్కడ పుడతాయి?

చంటిపిల్లల సంగతి వేరు. పెద్దయ్యాక మనకు మిగిలే తొలి జ్ఞాపకాలు సాధారణంగా మూడేళ్ల తర్వాతివే. ఏడాది బిడ్డను తీసుకెళ్లేది బిడ్డ కోసం కాదు, ముత్తవ్వ కోసం. ఎనిమిది, తొమ్మిది నెలల వయసులో కొత్త ముఖం చూసి ఏడవడం మామూలే కాబట్టి ఎవరూ నొచ్చుకోనక్కర్లేదు.

పెద్దవాళ్లనే మన దగ్గరికి రప్పిస్తే పోలేదా అంటారు కొందరు. ప్రయాణ బడలిక సంగతి అటుంచండి. మనింట్లో ఆమె అతిథి. తనింట్లోనైతే ఏ సొరుగులో ఏ ఫొటో ఉందో చీకట్లో కూడా తీసివ్వగలదు, ఆ ఫొటో వెంబడే ఒక కథా వస్తుంది.

కాబట్టి నేనైతే ఐదిళ్లలో మూడు కొట్టేస్తాను. పెద్దావిడ ఉన్న ఇంట్లో రెండు రాత్రులు ఉంటాను, ఆమె దగ్గరికి ఇద్దరు ముగ్గురు చొప్పున వెళ్లమంటాను. మిగతావాళ్ల అలక ఫోన్లో తీర్చొచ్చు.

ఆ పాప తిరుగు ప్రయాణమంతా తన చేతి మీద చర్మం లాగి చూసుకుంటూనే ఉంది. తనది అలా పైకి రావట్లేదని ఒకటే ఫిర్యాదు.