చల్లారిన బట్టీకి జేజేలు

సారా బట్టీల విషయంలో మన సమాజం ఏళ్ల తరబడి ఒక సూత్రాన్ని నిష్ఠగా పాటిస్తోంది. దాన్ని ఇంతవరకూ ఎవరూ రాసిపెట్టలేదు కాబట్టి ఆ బాధ్యత నేను తీసుకుంటున్నాను. బట్టీ వేడిగా ఉంటే నేరం, చల్లారితే వారసత్వ సంపద.

ఇచ్ఛాపురం నుంచి బరంపురం దాకా బైకు, ఆదివారం రెండూ ఉన్న మన తెలుగు కుర్రాళ్లకు ఈ సూత్రం బాగా ఒంటబట్టింది. మోకాళ్లకు కవచాలు, హెల్మెట్‌కి కెమెరా తగిలించుకుని, గంజాం జిల్లాలో మూతపడ్డ ఒక విస్కీ ఫ్యాక్టరీని దర్శించుకోవడానికి తెల్లారకముందే బయల్దేరుతున్నారు. ఆ ఫ్యాక్టరీ ఏ ఊళ్లో ఉందో చెప్పను. చెబితే వచ్చే వారానికి గేటు ముందు మొమో బండి వెలుస్తుంది.

వాళ్ల దూరదృష్టిని మెచ్చుకోవాలి. నడుస్తున్న డిస్టిలరీకి బైకు మీద వెళ్లడంలో చట్టపరమైన చిక్కు ఉంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ పట్టుకుంటుంది. మొదటిసారే 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, ఒక్కోసారి రెండూ. మూతపడ్డ డిస్టిలరీలో ఆ టెన్షన్ లేదు. తుప్పు ఎంత చూసినా మీటరు కదలదు. వాహనం కూడా కుదిరింది. బుల్లెట్టు బైకుకి పుట్టిల్లయిన ఇంగ్లాండ్‌లోని రెడిచ్ ఫ్యాక్టరీ ఎప్పుడో మూతపడింది. 1955లో మద్రాసుకొచ్చిన శాఖే ఇప్పటికీ డుగుడుగుమంటోంది. మూతపడ్డవాటి మీద మన ప్రేమ ఈనాటిది కాదు.

దర్శనానికి ముందు బృంద నాయకుడు ఉపన్యాసం ఇస్తాడు. స్కాచ్ అనిపించుకోవాలంటే ఓక్ పీపాలో కనీసం మూడేళ్లు ఉండాలని, ఏటా రెండు శాతం దాకా ఆవిరైపోతే దాన్ని అక్కడివాళ్లు దేవతల వాటాగా లెక్కరాస్తారని, మన ఎండలకి ఆ వాటా ఎన్నో రెట్లు ఉంటుందని చెబుతాడు. అన్నీ నిజాలే. ఆ తర్వాత నల్లబడ్డ గోడ మీద చెయ్యి వేసి, ఇదే విస్కీ బూజు అంటాడు. స్కాట్లాండ్‌లో, అమెరికాలోని కెంటకీలో పీపాల గోదాముల చుట్టూ ఇలాంటి నల్ల బూజు పట్టే మాట నిజమే. ఆవిరయ్యే ఆల్కహాలే దానికి మేత. అందరూ గోడని భక్తిగా తడిమారు.

"అది బాయిలర్ పొగ బాబూ," అన్నాడు వాచ్‌మన్.

ఆ ఆవరణలోకి ఓక్ పీపా ఎన్నడూ రాలేదు. వచ్చినవి మొలాసిస్ ట్యాంకర్లు. మన దేశంలో మామూలు విస్కీ చాలావరకు చక్కెర మిల్లు వదిలేసిన ఆ మడ్డిని పులియబెట్టి తీసిన స్పిరిట్టే. దానికి కాస్త మాల్టు, రంగు, సీసా మీద ఒక ఇంగ్లీషు దొర పేరు. యూరప్‌లో దాన్ని విస్కీ పేరుతో అమ్మనివ్వరు. ఇక్కడ మాత్రం ఆ ఫ్యాక్టరీ శిథిలాల్లో స్కాట్లాండ్ కనిపిస్తోంది.

నిజానికి ఈ జిల్లాకి స్కాట్లాండ్‌ని అరువు తెచ్చుకోవాల్సిన అవసరం లేదు. 19వ శతాబ్దంలోనే ఆస్కాలో మించిన్ దొర చక్కెర ఫ్యాక్టరీ, దాని పక్కన డిస్టిలరీ నడిపాడు. అప్పుడు గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒడిశాకి వెళ్లిపోయింది. ఆ సరిహద్దు గీత విలువ మనవాళ్లకి పూర్తిగా అర్థమైంది మాత్రం 1995 జనవరిలో, ఆంధ్రప్రదేశ్‌లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చినప్పుడు. 1997లో సడలించేదాకా మన పెద్దల్లో కొందరు ఇదే రోడ్డు మీద సరిహద్దులోని గిరిసోలా దాటి ఎంత శ్రద్ధగా ప్రయాణించేవారో ఇచ్ఛాపురం బస్టాండుని అడగాలి. తాత వెళ్లొచ్చి ఎవరికీ చెప్పేవాడు కాదు. మనవడు వెళ్లకముందే పోస్టు పెడుతున్నాడు.

వాచ్‌మన్‌ది సోంపేట వైపు. ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లూ అందులోనే పనిచేశాడు, మూతపడ్డాక కాపలాకి మిగిలాడు. ఆయన ఉద్దేశంలో ఇక్కడ చూడదగ్గది ఏదీ లేదు.

"ఏటి సూత్తారు బాబూ? రాగి, ఇత్తడి ముందే ఎత్తుకుపోనారు. ఇది నడిసినప్పుడు మీలాటోళ్లు ఈ రోడ్డుకే రాలేదు. ముక్కు మూసుకుని సుట్టు తిరిగి ఎల్లిపోయేవోరు."

ఆయన చెప్పింది వ్యర్థజలం గురించి. మొలాసిస్ నుంచి లీటరు స్పిరిట్ తీస్తే దాదాపు పది లీటర్ల నల్లటి నీళ్లు మిగులుతాయి. ఆ కంపు పక్క ఊళ్ల వాళ్లు ఏళ్ల తరబడి పీల్చారు. కంపు పోయింది, కూలీ పోయింది, సౌందర్యం మిగిలింది. వాచ్‌మన్‌కి రావాల్సిన జీతం బకాయి కూడా మిగిలింది గానీ అది ఫ్రేములో పట్టలేదు.

ఇదే ఆదివారం, ఇదే కొండల అవతల, ఎక్సైజ్ వాళ్లు ఒక వాగు పక్కన డ్రమ్ములు తన్ని బెల్లం ఊట పారబోస్తుంటారు. అక్కడా ఫొటో ఉంటుంది. ముందు వరసలో డబ్బాలు, వెనక సిబ్బంది, మధ్యలో తల దించుకున్న ఒక మనిషి. కుండ, గొట్టం, చన్నీళ్లు, అంతే సరంజామా. పులిసిన తీపిని కాచి, ఆవిరిని చల్లార్చి పట్టుకోవడమే అతని నేరం. ఫ్యాక్టరీలో మూడంతస్తుల ఇనప స్తంభం చేసిన పనీ అదే. తేడా అంతా లైసెన్సులో, పన్నులో ఉంది.

కాబట్టి రెండు రాష్ట్రాల ఎక్సైజ్ శాఖలకూ నా వినతి. పట్టుకున్న బట్టీలను ధ్వంసం చేయకండి. వరుసగా పేర్చి, చల్లారనిచ్చి, తుప్పు పట్టనిచ్చి, గిరిసోలా దగ్గర ఒక మ్యూజియం పెట్టండి. బైకులకు పార్కింగ్ ధారాళంగా ఉండాలి. గైడుగా ఆ తల దించుకున్న మనిషినే వేసుకోండి. మొదట దిగే సరుకు ఎందుకు పారబొయ్యాలో, మంట ఎక్కడ తగ్గించాలో బృంద నాయకుడి కంటే అతనికే బాగా తెలుసు. బెయిలు షరతు ప్రకారం సోమవారం సోమవారం స్టేషన్‌కెళ్లి సంతకం పెట్టాలి కాబట్టి, ఆ రోజు మ్యూజియానికి సెలవు.