చేప మందు కాదు, చేపకు మందు

ఏటా మృగశిర కార్తె నాడు హైదరాబాదులోని నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో వేలమంది బారులు తీరి, నోట్లో మందు పెట్టిన కొరమీను పిల్లను బతికుండగానే మింగి, ఇక ఉబ్బసం తగ్గుతుందన్న నమ్మకంతో ఇళ్లకు వెళ్తారు. మనిషి రోగానికి చేపను వాడే విద్యలో ఇంత పేరు సంపాదించిన మన నగరానికి, చేప రోగం మీద మనిషి తన తెలివిని వాడే విద్యలో మాత్రం రావలసిన గుర్తింపు రాలేదని నాకు చాలాకాలంగా బాధగా ఉంది. ఉప్పునీటి అక్వేరియం పెట్టుకున్న ప్రతి ఇంట్లోనూ తొట్టెతో పాటే ఒక వైద్యుడూ వెలుస్తాడు. నేనూ అలా వెలిసినవాణ్నే. నా అనుభవం ఎంతటిదంటే, ఇప్పటివరకు నా చేతిమీదుగా పోయిన చేపల ఖరీదుతో ఒక మంచి మైక్రోస్కోపు కొనుక్కోవచ్చు. కొనలేదు, ఎందుకు కొనలేదో ముందు ముందు మనవి చేస్తాను.

నా వైద్యవృత్తికి శ్రీకారం చుట్టింది ఒక పౌడర్ బ్లూ టాంగ్. లేత నీలం ఒళ్లు, నల్లని ముఖం, పసుపు పచ్చని వీపు రెక్కతో హిందూ మహాసముద్రపు పగడపు దిబ్బల్లో తిరిగే ఈ చేపకు తోక మొదట్లో చాకులాంటి ముల్లు ఉంటుంది కాబట్టి దీని కుటుంబాన్ని సర్జన్ చేపలు అంటారు. పేరుకే సర్జన్, జబ్బుల విషయంలో మాత్రం జీవితాంతం రోగే. తెల్లమచ్చ తెగులు తొట్టెలో ఎక్కడున్నా ముందుగా దీన్నే వెతుక్కుంటూ వస్తుందని ఈ సరదాలో పండిపోయినవాళ్లు చెబుతారు. అందుకే కొత్త చేపను నేరుగా పెద్ద తొట్టెలో వదలకుండా, ఇసుకా రాళ్లూ లేని చిన్న గాజు తొట్టెలో, ఒక స్పాంజి ఫిల్టరు, దాక్కోవడానికి ఒక పీవీసీ పైపు ముక్క ఇచ్చి, కనీసం నెల రోజులు విడిగా ఉంచి గమనించమంటారు. ఈ సలహాలోని అమర్యాద నాకు వెంటనే స్ఫురించింది. కొత్త కోడలిని తీసుకొచ్చి నెల రోజులు స్టోర్ రూములో, పైపు ముక్క పక్కన కూర్చోబెడతామా? పైగా హాల్లో సోఫాకు ఎదురుగా దీపాలతో వెలిగే తొట్టెకు ఖర్చు పెట్టే ఉత్సాహం, బాత్రూము పక్కన ఎవరికీ కనబడకుండా పడి ఉండే గాజు డబ్బాకు ఎక్కడినుంచి వస్తుంది? కాబట్టి పూర్తి లాంఛనాలతో, సాయంత్రం పూట, బంధువుల సమక్షంలో టాంగ్‌ను పెద్ద తొట్టెలోనే వదిలాను.

నాలుగో రోజు పొద్దున్న దాని రెక్కల మీద బొంబాయి రవ్వ చల్లినట్టు తెల్లని చుక్కలు కనిపించాయి. ఎడమ పక్కన పదకొండు లెక్కపెట్టాను. కుడి పక్క లెక్కపెట్టేలోగా అది ఒక్క ఉదుటున తిరిగి, రాతి అంచుకు ఒళ్లు రాసుకొని, మళ్లీ నా ముందుకొచ్చి నిలబడింది.

ఇలాంటి సమయంలో చేపను చూడటం కన్నా మనుషులను సంప్రదించడం ముఖ్యం. చేప అమ్మిన దుకాణదారు ఫోన్లోనే, ఫొటో అడగకుండానే, ‘వైట్ స్పాట్ సార్’ అని తేల్చి, అన్ని రోగాలకూ సరిపడే ఒక నీలం మందు సీసా పంపించాడు. మా బావమరిది వచ్చి, ‘బావా, వెల్లుల్లి రసంలో నానబెట్టి మేత వెయ్యి, ఏ పురుగైనా చావాల్సిందే’ అన్నాడు. పక్క ఫ్లాటు పిన్నిగారు మాత్రం రోగ మూలాన్ని ఇంకా లోతుగా పట్టుకొని, అంత అందమైన చేపను ద్వారానికి ఎదురుగా పెడితే దిష్టి తగలక ఏం చేస్తుందని, ఎర్ర నీళ్లు తిప్పి పారబోశారు. మా ఆవిడ తొట్టె అద్దం తుడిచింది. ఈ నాలుగు చికిత్సలూ ఏకకాలంలో జరిగాయి. మరో నాలుగు రోజులకు చేప ఒంటి మీద ఒక్క మచ్చ లేదు.

ఆ ఘనత ఎవరిదన్న విషయంలో మా ఇంట్లో ఇప్పటికీ ఏకాభిప్రాయం కుదరలేదు. నిజానికి ఈ వివాదంలో నాలుగు పక్షాలతో పాటు ఐదో పక్షం ఒకటుంది. అది క్రిప్టోకేరియాన్ ఇరిటాన్స్ అనే ఏకకణ పరాన్నజీవి. ఎవరు ఏ మందు పోసినా పోయకపోయినా, అది చేప చర్మపు పైపొర కిందా మొప్పల్లోనూ మూడు నుంచి ఏడు రోజులు కూర్చొని, కడుపునిండా తిని, సొంతంగా దిగిపోతుంది. దిగి, ఇసుకలోనో రాతిమీదో గట్టి తిత్తి కట్టుకొని, ఆ తిత్తిలో విభజన చెంది వందలకొద్దీ పిల్లలను తయారుచేస్తుంది. తిత్తి పగలడానికి కొన్నిసార్లు మూడు రోజులే పట్టవచ్చు, కొన్నిసార్లు నాలుగు వారాలూ పట్టవచ్చు, చల్లని నీటిలో 72 రోజులు పట్టిన సందర్భం కూడా శాస్త్రవేత్తలు నమోదు చేశారు. బయటికొచ్చిన పిల్లలు ఒకటి రెండు రోజుల్లోపు ఏదో ఒక చేపను పట్టుకోకపోతే చచ్చిపోతాయి కాబట్టి, అవి ఎక్కువగా చీకట్లోనే, చేప రాతి సందులో కదలకుండా నిద్రపోయే వేళే బయటికొస్తాయి. వెల్లుల్లి దగ్గర ఇంత సమయపాలన లేదు. మచ్చలు పోయాయంటే రోగం తగ్గినట్టు కాదు, ఆ రోగం ప్రసవానికి పుట్టింటికి వెళ్లినట్టు.

అందువల్లే తెల్లమచ్చకు విఫలమైన మందంటూ లోకంలో లేదు. నాలుగో రోజు దాకా ఓపిక పట్టగలిగితే పసుపు పనిచేస్తుంది, విభూతి పనిచేస్తుంది, ఇంటి ముందు కట్టిన గుమ్మడికాయ పనిచేస్తుంది. ప్రతి వైద్యుడికీ ఒక విజయగాథ ఉంటుంది, దాన్ని రుజువు చేసే ఫొటో కూడా ఫోనులో ఉంటుంది. రెండు వారాల తరువాత మచ్చలు పదకొండుకు బదులు లెక్కకు అందనన్ని వచ్చినప్పుడు, అది అదే రోగమని ఎవరూ ఒప్పుకోరు. అది కొత్త రోగం, నీళ్లు బాగోక వచ్చింది. మా ఇంట్లోనూ అలాగే నిర్ణయించాం.

అసలు రోగమేదో పోల్చుకోవడమనే ఆచారం మీద నాకున్న అభ్యంతరాన్ని ఇక్కడ నమోదు చేయాలి. 1897 ఆగస్టు 20న ఇదే జంటనగరాల్లో, సికింద్రాబాదులో, రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు కోసిపెట్టిన దోమలు ఎగిరిపోతాయని పంకా కూడా వద్దని, చెమటలు కక్కుతూ మైక్రోస్కోపులో చూసి, దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టాడు. అంతటి శ్రమను ఒకసారి మన ఊళ్లోనే ఒకరు పడ్డాక, మళ్లీ మనం పడటం పునరుక్తి దోషం కాదా? నేను మైక్రోస్కోపు కొనకపోవడానికి ఇదే కారణం. చేప ఒంటి మీది జిగురును గాజు పలకతో సుతారంగా గీకి చూస్తే, గుండ్రంగా నెమ్మదిగా దొర్లుతున్నది తెల్లమచ్చ అనీ, బేరిపండు ఆకారంలో కదలకుండా అతుక్కున్నది వెల్వెట్ అనే మరో తెగులనీ ఐదు నిమిషాల్లో తెలిసిపోతుందట. ఐదు నిమిషాల్లో తెలిసిపోయాక మిగతా సాయంత్రమంతా మేం ఏం మాట్లాడుకోవాలి?

ఈ వెల్వెట్ కొంచెం మొరటు రోగం, మాటామంతీకి టైమివ్వదు. దీని పేరు అమిలూడినియం. 1931లో లండన్ జూ అక్వేరియంలోని చేపల మొప్పల్లోంచి దీన్ని వెలికితీసి వర్ణించారు. ఇది ముందుగా మొప్పలనే పట్టుకుంటుంది కాబట్టి, ఒంటి మీద చుక్క కనిపించకముందే చేప వెలుతురుకు మొహం చాటేసి, నీటి ధార ఎదురుగా నిలబడి ఎగపోస్తూ, ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోవచ్చు. గదిలో దీపాలార్పి చేప మీద టార్చి పక్కవాటుగా వేస్తే సన్నని బంగారు పొడి అద్దినట్టు మెరుస్తుంది. మా బావమరిది ఆ మెరుపును చూసి, ‘చేపకు కళ వచ్చింది బావా’ అన్నాడు. అది గురువారం రాత్రి. శుక్రవారం ఉదయానికి మా రెండు పసుపు టాంగ్‌లూ కళతోనే పోయాయి.

ఇంకొకటుంది, బ్రూక్లినెల్లా. న్యూయార్క్ అక్వేరియం ఉన్న బ్రూక్లిన్ పేరే దానికి పెట్టి 1970లో లోకానికి పరిచయం చేశారు. సముద్రంలో పట్టి తెచ్చిన క్లౌన్ చేపలంటే దానికి మక్కువ. తెల్లని జిగురు తెట్టెలు తెట్టెలుగా ఊడిపోతుంటే, పేరు తెలిసినవారు ఫార్మలిన్ కొలిచి వాడతారు, తెలియనివారు తెల్లమచ్చకు వాడే కాపరే, అంటే రాగి మందే వాడతారు, దానికి కాపర్ పట్టదు. నియోబెనిడీనియా అనే పురుగైతే అద్దంలా ఉండి చేప మీదున్నా కంటికి ఆనదు. అంతే వెచ్చదనమూ అంతే పీహెచ్చూ ఉన్న మంచినీటిలో చేపను కొద్ది నిమిషాలు ముంచితే మాత్రం తెల్లబడి, నువ్వు గింజల్లా అడుగుకు రాలుతుంది. దానికి ప్రాజిక్వాంటెల్ అనే వేరే మందు. ఇన్ని రోగాలకు ఇన్ని మందులని పెట్టుకుంటే సామాన్యుడు బతికేదెట్లా? అందుకే మా దుకాణదారు అన్నింటికీ కలిపి వైట్ స్పాట్ అనే ఒకే పేరు, నీలం సీసా అనే ఒకే మందు ఖాయం చేశాడు. పరిపాలనా సౌలభ్యం అంటే అదే.

కాపర్ విషయంలో నా పరిశోధన కొంత ముందుకెళ్లింది. మామూలు కాపర్ సల్ఫేటు అయితే లీటరుకు 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాముల మధ్య, రెండు మూడు వారాలపాటు, రోజూ టెస్ట్ కిట్‌తో చూసుకుంటూ నిలబెట్టాలి. తక్కువైతే పరాన్నజీవి నవ్వుతుంది, ఎక్కువైతే చేప చస్తుంది. అదీ కింద తిత్తిలో ఉన్నవాటిని, పైన చర్మం లోపలున్నవాటిని ఏమీ చేయలేదు, మధ్యలో ఈదే పిల్లలనే చంపుతుంది. దీన్ని రాళ్లూ ఇసుకా లేని విడి తొట్టెలోనే వాడాలన్నది నిబంధన, కానీ విడి తొట్టె మీద నా అభిప్రాయం ఇదివరకే మనవి చేశాను. పెద్ద తొట్టెలోనే పోశాను. సున్నపు రాళ్లు సగం కాపర్‌ను పీల్చేసుకున్నాయి, మిగతా సగానికి రెండు క్లీనర్ రొయ్యలూ అన్ని నత్తలూ సాయంత్రానికల్లా పోయాయి. ఆ రొయ్యలను చేప మీది పురుగులు ఏరి తింటాయని చెప్పి అంటగట్టారు. అవి వైద్యులన్న సంగతి కాపర్‌కు తెలియదు పాపం.

తరువాత ఉప్పు తగ్గించే చికిత్స వచ్చింది. రక్తపోటు రోగికి చెప్పినట్టే చేపకూ ఉప్పు తగ్గించమంటారు, లీటరుకు 35 గ్రాముల నుంచి 15కు దించి కొన్ని వారాలుంచితే తెల్లమచ్చ తిత్తులు తట్టుకోలేవు. వెల్వెట్ మాత్రం తట్టుకుంటుంది. ఆ ఉప్పు కొలవడానికి రిఫ్రాక్టోమీటరు అనే పరికరం కావాలి. మా బావమరిది వేలు ముంచి నాలుకకు రాసుకొని, ‘పప్పులోకైతే సరిగ్గా ఉంది’ అన్నాడు.

మలేరియాకు వాడే క్లోరోక్విన్‌నే చేపల వెల్వెట్‌కూ వాడతారని విని రాస్ దొరగారి రుణం ఇలా తీర్చుకోవచ్చనుకున్నాను గాని, మా ఆవిడ ఆ మందు ఇంట్లోకి రానివ్వలేదు. 2020 మార్చిలో కరోనా భయంతో అమెరికాలోని ఆరిజోనాలో ఒక జంట చేపల తొట్టె కోసం కొన్న క్లోరోక్విన్ ఫాస్ఫేట్‌ను తామే మింగగా, భర్త చనిపోయాడు. మనుషులు చేపల మందు మింగుతున్నారని ఆమె చదివింది, మా ఇంట్లోని మనుషుల సంగతీ ఆమెకు తెలుసు.

చివరికి భీమవరం నుంచి బాబాయి వచ్చాడు. ముప్పై ఏళ్లుగా రొయ్యల చెరువులు చేస్తున్నాడు, 1990ల్లో తెల్లమచ్చ వైరస్ కోస్తా చెరువులను ఊడ్చేసినప్పుడు రెండు పంటలు పోగొట్టుకున్నాడు. ‘వైట్ స్పాట్’ అనగానే ముఖం మారిపోయింది. అది వైరస్ కాదు బాబాయ్, పరాన్నజీవి అని నేను వివరిస్తుంటే మధ్యలో ఆపి, ‘ఏదైతేనేం రా అబ్బాయ్, ఉన్నవాటిని తీసి వేరే నీళ్లల్లో పెట్టి మందెయ్యి. చెరువు ఖాళీగా వదిలెయ్యి. తిండి లేకపోతే అదే చస్తుంది. పంటకూ పంటకూ మధ్య మేం ఎండబెట్టి సున్నం కొట్టేది అందుకే కదా’ అన్నాడు. సముద్రపు పగడపు దిబ్బల సూక్ష్మ శాస్త్రాన్ని చేపల చెరువు స్థాయికి దించినందుకు నేను నొచ్చుకున్నాను. మా బావమరిది నవ్వాడు. సున్నం ఒక్కటి తీసేస్తే అనుభవజ్ఞులు చెప్పేదీ అక్షరాలా అదేనని ఆ రాత్రి తెలిసింది. చేపలన్నింటినీ విడి తొట్టెకు మార్చి, పెద్ద తొట్టెలో ఒక్క చేప కూడా లేకుండా 76 రోజులుంచాలి. 72 రోజుల తిత్తి కూడా పగిలి, పిల్లలు తిండి దొరక్క చావడానికి వేసిన లెక్క అది.

మిగిలిన ఒక్క టాంగ్‌నూ ఒక క్లౌన్ చేపనూ బాత్రూము పక్కన గాజు డబ్బాలో, పీవీసీ పైపు ముక్కతో సహా స్థిరపరిచాను. హాల్లో పెద్ద తొట్టె దీపాలతో, అలలతో, లోపల ఎవరూ లేకుండా వెలుగుతూ ఉంది. వచ్చినవాళ్లు సోఫాలో కూర్చొని రాళ్లను చూసి వెళ్లారు. ఇరవయ్యో రోజున పిన్నిగారు, చేపలేవని అడిగి, జవాబు విని, మళ్లీ ఎర్ర నీళ్లు తిప్పుతానన్నారు. నలభయ్యో రోజున మా ఆవిడ కరెంటు బిల్లు చూపించింది. శాస్త్రం 76 అంటోంది, నిజమే. అయితే మన సంప్రదాయంలో 60కి ఉన్న విలువ 76కు ఎక్కడిది? అరవయ్యో రోజు పూర్తయిన సాయంత్రం తొట్టెకు షష్టిపూర్తి అయిందని మేమిద్దరం, అంటే నేనూ బావమరిదీ, ఊరికే చూసొద్దామని దుకాణానికి వెళ్లాం. తిరిగొచ్చేటప్పుడు బండి మీద వెనక కూర్చున్న అతని ఒళ్లో నీళ్ల కవరు ఉంది, అందులో లేత నీలంగా ఏదో తిరుగుతోంది. ఇంటికి రాగానే అతను నేరుగా వంటింట్లోకి వెళ్లి, వెల్లుల్లి రెబ్బలు ఒలవడం మొదలుపెట్టాడు.