చెయ్యెత్తేదాకా వదలరా?

చర్చి మీటింగుల్లో ప్రసంగం అయిపోతుంది. కళ్ళు మూసుకోండి, తలలు వంచండి, ఎవరూ ఎవర్నీ చూడొద్దు అంటారు. సరే. కీబోర్డు మెల్లగా మొదలవుతుంది. "యేసును అంగీకరించేవాళ్ళు చెయ్యెత్తండి." ఎవరూ ఎత్తరు. పాట మళ్ళీ మొదటికి, "ఇంకొక్కరున్నారు, దేవుడు నాకు చూపిస్తున్నాడు," మళ్ళీ అదే పాట, ఆఖరికి "ఈ రాత్రే చనిపోతే ఎక్కడికి వెళ్తారు?" అని భయపెట్టడం. ఇది పిలుపా, ఒత్తిడా?

చెయ్యెత్తితే చాలన్నవాళ్ళే, ఎత్తాక లేచి నిలబడమంటారు, నిలబడ్డాక ముందుకు రమ్మంటారు. ఆ మాట మొదటే ఎందుకు చెప్పరు? ఒకసారి నా పక్కనున్న అమ్మాయి టెన్షన్‌తో వణుకుతూనే వెళ్ళింది. పేరు, నంబర్ రాసుకున్నారు, అందరితో చప్పట్లు కొట్టించారు, అంతే.

బైబిల్లో చూడండి, పెంతెకొస్తు పండుగ రోజున యేసు శిష్యుడు పేతురు మాట విని, మేమేం చేయాలని అడిగింది జనమే కదా! మారుమనస్సు పొందండి, బాప్తిస్మం తీసుకోండి అని ఆయన సూటిగా చెప్పాడు. ఆ రోజు దాదాపు 3,000 మంది చేరారు, వాళ్ళు బోధలో, సహవాసంలో, రొట్టె విరవడంలో కొనసాగారు కూడా. ఇలా ముందుకు పిలిచే పద్ధతి బాగా పాకింది 19వ శతాబ్దంలో, అమెరికాలో చార్లెస్ ఫిన్నీ లాంటి ప్రసంగీకుల వల్ల. అంతకుముందు అన్ని వందల ఏళ్ళు జనం నమ్మలేదా?

పిలవండి, వద్దనట్లేదు. ఒక్కసారి, స్పష్టంగా. తర్వాత కాసేపు ఆలోచించుకోనివ్వండి, మీటింగ్ అయ్యాక వాళ్ళ పక్కన కూర్చుని వినండి. ఆ అమ్మాయి ఏమైందని నెల తర్వాత అడిగితే ఒక్కరికీ తెలీదు.