మూడేళ్ల డిగ్రీతో సైకాలజిస్ట్ అయిపోరు, ముందు ఆ మాట ఇంట్లో చెప్పండి

ఫారిన్‌లో మూడేళ్ల సైకాలజీ డిగ్రీ చేసినంత మాత్రాన ఎవరూ సైకాలజిస్ట్ అయిపోరు. ఇంగ్లండులో అవ్వరు, ఆస్ట్రేలియాలో అవ్వరు, అమెరికాలో నాలుగేళ్లు చదివినా అవ్వరు, తిరిగొచ్చి అనంతపురంలో బోర్డు పెట్టుకుందామన్నా అవ్వరు. ఇదేమీ రహస్యం కాదు, ఆయా దేశాల సంస్థల వెబ్‌సైట్లలో ఎవరైనా చదువుకోవచ్చు. కానీ ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన వారం నుంచీ నాకు మెసేజ్ పెడుతున్న పిల్లల్లో ఈ సంగతి తెలిసినవాళ్లు దాదాపు ఎవరూ లేరు, వాళ్ల అమ్మానాయనలకు అసలే తెలీదు.

నాది గుంతకల్లు. ఇంగ్లండులో సైకాలజీ బీఎస్సీ చేశాను, ఇప్పుడు బెంగళూరులో పీజీ చేస్తున్నాను. "నువ్వు పోయొచ్చి మమ్మల్ని వద్దంటావా అక్కా" అని అడగబోయేవాళ్లకు ముందే చెప్తున్నా, వద్దనడం లేదు. ఆ చదువు నాకు నచ్చింది, ఇప్పటికీ పనికొస్తోంది. నా గొడవంతా ఆ దారిలో డబ్బు ఎక్కడ ఖర్చు పెడుతున్నామన్న దాని గురించే.

మా చిన్నాయన కూతురికి ఒక కన్సల్టెన్సీవాళ్లు ఇచ్చిన కాగితం చూశాను. రంగురంగుల ప్రింటు, పైన యూనివర్సిటీ ఫొటో, కింద మూడు గళ్ల పట్టిక. మొదటి గడిలో బీఎస్సీ సైకాలజీ, రెండో గడిలో ఫీజు, మూడో గడిలో "ఉద్యోగావకాశాలు": క్లినికల్ సైకాలజిస్ట్, దాని పక్కన జీతం. ఆ జీతం అబద్ధం కాదు, ఇంగ్లండులో క్లినికల్ సైకాలజిస్ట్‌కి నిజంగానే అంత వస్తుంది. కానీ రెండో గడికీ మూడో గడికీ మధ్య ఎన్నేళ్లు పడతాయో ఆ కాగితంలో ఎక్కడా లేదు. బీఎస్సీ తర్వాత అసిస్టెంట్‌గానో ఇంకోలాగో పని అనుభవం సంపాదించాలి, ఆపైన మూడేళ్ల డాక్టరేట్, అది అయ్యాక హెచ్‌సీపీసీ అనే సంస్థలో రిజిస్ట్రేషన్, అప్పుడు గానీ ఆ పేరు పెట్టుకోవడానికి లేదు. ఆ డాక్టరేట్ సీట్లలో ఎక్కువ భాగం అక్కడి ప్రభుత్వ వైద్య సంస్థ ఎన్‌హెచ్‌ఎస్ జీతమిచ్చి మరీ చదివించేవి, విపరీతమైన పోటీ, అవి ప్రధానంగా అక్కడ స్థిరపడ్డవాళ్ల కోసం పెట్టినవి. మనలాంటి వాళ్లకు సొంత డబ్బుతో చదివే సీట్లు కొన్ని చోట్ల ఉన్నాయి, ఆ ఫీజు చూస్తే మళ్లీ ఇంకో తోట అమ్మాల్సిందే. పోనీ డిగ్రీ అయ్యాక అక్కడే ఉండి అనుభవం సంపాదిద్దామంటే, రెండేళ్లుండే గ్రాడ్యుయేట్ వీసా 2027 జనవరి నుంచి అప్లై చేసేవాళ్లకు 18 నెలలకు తగ్గిపోతోంది.

ఇప్పుడు ఖర్చు. విదేశీ విద్యార్థికి సైకాలజీ ఫీజు ఏడాదికి చాలాచోట్ల 20 వేల పౌండ్లు దాటుతుంది, పేరున్న యూనివర్సిటీల్లో 30 వేలు కూడా దాటుతుంది. తక్కువలో తక్కువ వేసుకున్నా మూడేళ్లకు ఫీజే 65, 70 లక్షలు. రూము, తిండి, విమానం, వీసా వేరే. బ్యాంకులు మామూలుగా ఏడున్నర లక్షలు దాటితే తాకట్టు అడుగుతాయి కాబట్టి ఇల్లో పొలమో కాగితాల మీదికి వస్తుంది. వీసా కోసం ఆ డబ్బు అకౌంట్లో 28 రోజులు కదలకుండా చూపించాలి, అందుకని నెల రోజులకు వడ్డీకి డబ్బు తెచ్చి అకౌంట్లో పెట్టిన ఇళ్లు మా వైపు నాకు తెలుసు. ఇంత చేసి పంపించాక పిల్లో పిల్లోడో తిరిగొచ్చి "ఇంకా ఐదారేళ్లు చదవాలి నాయనా" అంటే ఆ ఇంట్లో ఎట్లుంటుందో ఆలోచించండి.

మా ఇంట్లో నేను పోయేటప్పుడు మా పెద్దమామ, చెనిక్కాయల వ్యాపారం చేసే మనిషి, చదువు పెద్దగా లేదు, ఒకటే అడిగాడు: "మూడేళ్లయినాక ఏం పని చేస్తావు పాపా, దాని తర్వాత ఇంకెంత పెట్టాలి?" మిగతా చుట్టాలందరూ ఏ యూనివర్సిటీ, ర్యాంకెంత, లండన్‌కి ఎంత దూరం అని అడిగారు. ఆ ఒక్క ప్రశ్న వల్లే మేము మొదటే కూర్చుని పీజీ ఖర్చు కూడా కలిపి లెక్క వేసుకున్నాం, పీజీ ఇక్కడే చేయాలని అప్పుడే అనుకున్నాం.

అమెరికా సంగతి ఇంకా తమాషా. అక్కడ నాలుగేళ్ల డిగ్రీ, సైకాలజిస్ట్‌గా లైసెన్స్ కావాలంటే డాక్టరేట్ ఉండాలి. ఏపీఏ (అమెరికా సైకాలజిస్టుల సంఘం) గుర్తింపు అని కన్సల్టెన్సీలో గొప్పగా చెప్తారే, ఆ గుర్తింపు ప్రధానంగా డాక్టరేట్ ప్రోగ్రాములకు ఇచ్చేది, డిగ్రీ కోర్సుకి కాదు. అసలు విషయం ఏంటంటే, అక్కడ మంచి పీహెచ్‌డీల్లో చాలావాటికి ఫీజు ఉండదు, పైగా స్టైపెండ్ ఇస్తారు. అంటే ఉచితంగా వచ్చే అవకాశమున్న చదువు చివర్లో ఉంది, మనం ఆస్తి తాకట్టు పెట్టేది మొదట్లో. ఇక్కడే డిగ్రీ, పీజీ చేసి, మంచి రీసెర్చ్ పని చూపించి ఆ పీహెచ్‌డీకి ప్రయత్నించేవాళ్లు ఉన్నారు, వాళ్ల గురించి ఏ బ్రోచర్‌లోనూ రాయరు, ఎందుకంటే అందులో ఎవరికీ కమీషన్ లేదు. ఇంకో చిన్న మెలిక: డిగ్రీ అయ్యాక అక్కడ ఉద్యోగం చేసుకునే ఓపీటీ ఒక ఏడాది, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) జాబితాలో ఉన్న కోర్సులకు ఇంకో రెండేళ్లు. కాగ్నిటివ్ సైకాలజీ లాంటి కొన్ని ఆ జాబితాలో ఉన్నాయి, మామూలు జనరల్ సైకాలజీ లేదు. ఆఫర్ లెటర్లో కోర్సు కోడ్ ఏముందో చూడకుండా టికెట్ బుక్ చేసుకునేవాళ్లకు నమస్కారం.

ఆస్ట్రేలియాలో మొత్తం కనీసం ఆరేళ్లు, మధ్యలో నాలుగో ఏడాది ఆనర్స్‌కి మార్కులు లేకపోతే దారి అక్కడే ఆగిపోతుంది. జర్మనీలో చాలాచోట్ల ఫీజు ఉండదని ఎగిరి గంతేయకండి, సైకాలజీ డిగ్రీ ఎక్కువగా జర్మన్‌లోనే చెప్తారు, సీట్లూ తక్కువ.

ఇక నీట్‌లో ర్యాంక్ రాలేదు కాబట్టి సైకాలజీ అనే తర్కం. బైపీసీ పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, ఎంబీబీఎస్ రాకపోతే "కనీసం మనసు డాక్టరన్నా అవుతుంది" అని పంపిస్తున్నారు. మందులు రాసే డాక్టరు సైకియాట్రిస్ట్, దానికి ఎంబీబీఎస్, ఎండీ కావాలి, సైకాలజీ ఎంత చదివినా మన దగ్గర మందు చీటీ రాయలేరు. ఇది చెప్తే ఒక ఆంటీ నా మీదే కోప్పడింది, నేనేదో వాళ్ల పాపకు వచ్చిన సీటు లాక్కున్నట్టు.

క్లాసులో ఏముంటుందో కూడా చెప్పాలి, ఎందుకంటే కలలు చెప్పించుకోవడం, ముఖం చూసి మనసు చదవడం ఉంటుందనుకుని వచ్చి మొదటి సెమిస్టర్‌లోనే బిత్తరపోయిన పిల్లలు నాతో ఉన్నారు. ఉండేది స్టాటిస్టిక్స్. మొదటి ఏడాది, రెండో ఏడాది, స్టాటిస్టిక్సే స్టాటిస్టిక్స్. నా మొదటి ల్యాబ్ రిపోర్టు స్ట్రూప్ ప్రయోగం మీద, 1935 నాటిది: "ఎరుపు" అన్న మాటను నీలం సిరాతో రాసి చూపించి, ఇది ఏ రంగులో ఉందో చెప్పు అంటే మనిషి ఎందుకు తడబడతాడు అన్నది. చీకటి గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని, కీబోర్డు మీద రెండు వేళ్లు పెట్టి, తెర మీద మాటలు వచ్చిపోతుంటే నొక్కుతూ ఉండాలి. తర్వాత ఆ మిల్లీసెకన్లన్నీ సాఫ్ట్‌వేర్‌లో వేసి ఇదేమన్నా నిజమైన తేడానా, గాలివాటమా అని తేల్చాలి. రాత్రి రెండింటికి కోడ్‌లో ఒక కామా ఎక్కడ పోయిందో వెతుకుతుంటే అమ్మ ఫోన్ చేసి "ఏం పాపా, ఎవరి మనసులో ఏముందో తెలిసిపోతోందా?" అని అడిగేది.

అయినా ఆ స్టాటిస్టిక్సే నాకు అక్కడ దొరికిన అసలు చదువు. పేరున్న పత్రికల్లో వచ్చిన 100 ప్రయోగాలను మళ్లీ చేసి చూస్తే 36 శాతమే గట్టిగా నిలబడ్డాయని 2015లో తేలింది, ఆ సంగతి మా లెక్చరర్లు దాచకుండా మొదటి ఏడాదే చెప్పారు. "ఇది మా సబ్జెక్టులో ఉన్న రోగం, మీరు దీన్ని పట్టుకోవడం నేర్చుకోండి" అన్న ధోరణి. మన దగ్గర ఇంటర్ రెండేళ్లు మెటీరియల్ బట్టీ పట్టి వెళ్లిన నాకు, పుస్తకంలో ఉన్నది తప్పు కావచ్చని టీచరే చెప్పడం చాలా కొత్త. అందుకే పోవద్దని అనలేకపోతున్నాను.

ఇంకో సంగతి ఉంది, అది నన్ను ఇంకా వదల్లేదు. మొదటి ఏడాది పిల్లలు సీనియర్ల ప్రయోగాల్లో కూర్చోవాలి, కూర్చుంటే క్రెడిట్లు. అంటే ప్రయోగానికి మనిషి కావాలంటే చేతికి దొరికేది ఇంకో కాలేజీ పిల్ల. పేరున్న సైకాలజీ పత్రికలను లెక్క తీస్తే పరిశోధనలో పాల్గొన్నవాళ్లలో 96 శాతం పాశ్చాత్య పారిశ్రామిక దేశాలవాళ్లేనని తేలింది, ఆ దేశాల జనాభా ప్రపంచంలో 12 శాతం. "మనిషి ఇలా ఆలోచిస్తాడు" అని మేము పరీక్షలో రాసిందంతా అంతమేరకే. వరుసగా వానలు లేక బోరు మీద బోరు వేసి అప్పుల్లో కూరుకుపోయిన రైతు ఎలా ఆలోచిస్తాడో, కొడుకు ర్యాంకు కోసం హాస్టల్లో వదిలి వచ్చిన తల్లి ఎందుకు నిద్రపోదో ఆ పుస్తకాల్లో దాదాపు ఉండదు. ఉండవని వాళ్ల మీద కోపం లేదు, వాళ్ల సమస్యలు వాళ్లు రాసుకుంటున్నారు. మనవి రాయాల్సింది మనం.

రాసినవాళ్లూ ఉన్నారు, అదే నాకు మండేది. 1980లలో బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్‌వాళ్లు బళ్లారి జిల్లాలో ప్రైమరీ హెల్త్ సెంటర్ల డాక్టర్లకు, ఊళ్లలో తిరిగే కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి, మానసిక జబ్బులకు అక్కడికక్కడే వైద్యం అందేలా చేశారు. 1996లో కేంద్రం మొదలుపెట్టిన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి ఆ బళ్లారి పనే నమూనా. బళ్లారి! గుంతకల్లులో రైలెక్కితే గంట ప్రయాణం, మా అమ్మ చీరలకు పోయే ఊరు. ఈ సంగతి నాకు ఇంగ్లండులో ఎవరూ చెప్పలేదు, ఇక్కడ ఇంటర్ వరకూ కూడా ఎవరూ చెప్పలేదు, బెంగళూరు వచ్చాక తెలిసింది. "ఇండియాలో సైకాలజీ ఎక్కడుందండీ" అని కన్సల్టెన్సీలో కూర్చుని అనేవాళ్లకు ఇంకోటి కూడా: కలకత్తా యూనివర్సిటీలో సైకాలజీ శాఖ 1916లోనే మొదలైంది. దాన్ని నడిపిన నరేంద్రనాథ్ సేన్‌గుప్తా హార్వర్డ్‌లో చదివి వచ్చినవాడే, అంటే పోయి రావడం కూడా కొత్తేమీ కాదు. తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో సైకాలజీ ఉంది, బెంగళూరు కాలేజీల్లో డిగ్రీ ఉంది, అనంతపురం నుంచి నిమ్‌హాన్స్‌కి పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి చేరుకుంటాం.

మన దగ్గర అంతా బాగుందని కాదు. క్లినికల్ సైకాలజిస్ట్ కావాలంటే ఇక్కడ ఇన్నాళ్లూ పీజీ తర్వాత ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) గుర్తించిన రెండేళ్ల ఎం.ఫిల్ దారి, సీట్లు బాగా తక్కువ, ఇప్పుడు ఆ పద్ధతే మారుతోంది, ఏడాదికో కొత్త నోటీసు. 2025 జులై సెషన్ నుంచి సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో చెప్పకూడదని యూజీసీ ఆపేసింది, ఇంట్లో కూర్చుని పీజీ చేద్దామనుకున్నవాళ్లు ఇరుక్కున్నారు. ఇంత గందరగోళంలో పిల్లలు బయటికి చూడటం నాకు అర్థమవుతుంది. కానీ బయట డిగ్రీ చేసి తిరిగొచ్చినా ఈ గందరగోళంలోకే రావాలి కదా, పైగా ఇక్కడ పీజీలో చేరాలంటే ఆ డిగ్రీకి సమానత్వ సర్టిఫికెట్ కోసం తిరగడం అదనం.

ఒక మాట పిల్లలకు విడిగా. సైకాలజీ చదివేవాళ్లకు దిగులు రాదనుకోకండి. నవంబర్‌లో మధ్యాహ్నం నాలుగింటికే చీకటి పడితే, గదిలో ఒక్కరే ఉంటే, డిప్రెషన్ చాప్టర్ చదువుతూ అది మనకే రాసినట్టు అనిపిస్తుంది. ఇంగ్లండు వీసాతోనే ఏడాదికి 776 పౌండ్లు హెల్త్ సర్‌చార్జ్ కట్టించుకుంటారు, కాబట్టి దిగగానే డాక్టరు దగ్గర పేరు నమోదు చేయించుకోండి, యూనివర్సిటీ కౌన్సెలింగ్ వాడుకోండి, అక్కడ టాకింగ్ థెరపీస్ అనే, మాటలతో చేసే వైద్యానికి మనమే నేరుగా అప్లై చేసుకోవచ్చు. మనవాళ్లు ఇంట్లో తెలిస్తే పరువు పోతుందని వెళ్లరు. మామూలుగా ఎవరూ ఇంటికి ఫోన్ చేసి చెప్పరు. ఇక్కడున్నవాళ్లకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు, ఉచితం.

పోవాలనే నిర్ణయించుకున్నవాళ్లు ఆఫర్ లెటర్ నాకు పంపి "మంచిదేనా అక్కా" అని అడగొద్దు. ఇంగ్లండైతే ఆ కోర్సుకు బీపీఎస్ (బ్రిటిష్ సైకలాజికల్ సొసైటీ) గుర్తింపు ఉందో లేదో, ఆస్ట్రేలియా అయితే ఏపీఏసీ (అక్కడ సైకాలజీ కోర్సులకు గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉందో లేదో ఆ సంస్థల సైట్లోనే చూసుకోండి, ఐదు నిమిషాల పని. అది లేని కోర్సుతో తర్వాత చదువులకు దారి దొరకడం కష్టం. ఆ తర్వాత ఒక తెల్లకాగితం మీద సైకాలజిస్ట్‌గా రిజిస్టర్ అయ్యే రోజు వరకూ ఏ ఏడాది ఎక్కడ, ఎంత ఖర్చు, ఎవరి డబ్బు అని రాసి మీ నాయన చేతికివ్వండి. కన్సల్టెన్సీకి పోయేటప్పుడు ఆ కాగితం తీసుకుపోయి, ఖాళీగా ఉన్న గడులు వాళ్లనే నింపమనండి. నింపలేకపోతే సర్వీస్ ఛార్జీ కట్టకుండా లేచి వచ్చేయండి.